డబ్బా నాది, కలిపింది వేరొకరు: బాధ్యత ఎవరిది?

పై వీడియోలో దశపర్ణి కషాయం కాచే పద్ధతి చూపించాను. చివర్లో "ఇక నేను అమ్మట్లేదు" అన్నాను కదా, ఎందుకని చాలామంది అడిగారు. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మాది చీరాల దగ్గర. పోయిన సీజన్లో పర్చూరు వైపు మిర్చి వేసిన ఒక కౌలు రైతు మా ఇంటికొచ్చాడు. చేతిలో నా పేరు రాసిన ఐదు లీటర్ల డబ్బా. "అన్నా, నీ కషాయమే కొట్టాను. కాయ పరీక్ష చేయిస్తే రసాయనం ఉందన్నారు. కొంటానన్నాయన వద్దని వెళ్లిపోయాడు" అన్నాడు. మూత తీసి చూస్తే ఘాటైన పురుగుమందు వాసన. మధ్యలో అమ్మినతను, త్వరగా పనిచేయాలని అందులో మందు కలిపాడు.

తప్పు నాది కాదు. కానీ నాది కాదని చూపించడానికి నా దగ్గర ఏముంది? డబ్బాకి సీలు లేదు, తేదీ లేదు, బిల్లు లేదు. అప్పుడు చట్టం ఏమంటుందో తెలుసుకోవడం మొదలుపెట్టాను.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని ఒక అధ్యాయం ఉంది. 2020 జులై నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 84 ప్రకారం తయారీదారు ఎప్పుడు బాధ్యుడంటే: తయారీలో లోపం ఉన్నా, డిజైన్ లోపమున్నా, ఇచ్చిన హామీకి సరుకు సరిపోకపోయినా, సరిగా వాడే విధానం గానీ తప్పుగా వాడితే వచ్చే ప్రమాదం గానీ చెప్పకపోయినా. ఈ చివరిది బాగా గుర్తుపెట్టుకోండి. "వాడు తప్పుగా వాడాడు, నాకేం సంబంధం" అని తయారీదారు తేలిగ్గా తప్పించుకోలేడు. ముందే హెచ్చరించాడా లేదా అని చూస్తారు.

అలాగని ఎవరో చేసిన ప్రతి నేరం తయారీదారు నెత్తిన పడదు. సరుకుని మధ్యలో మార్చి, ఆ మార్పు వల్లే హాని జరిగితే, మార్చి అమ్మినవాడే బాధ్యుడని సెక్షన్ 86 చెబుతుంది. సరుకుని దుర్వినియోగం చేసినా, మార్చినా అమ్మినవాడి మీద దావా నడవదని సెక్షన్ 87 అంటుంది. అయితే ఎవరు ఎక్కడ మార్చారో తేలాలి కదా. సీలు లేని డబ్బాతో అది తేలదు.

క్రిమినల్ శిక్ష వేరే దారి. 2013 జులై 16న బీహార్‌లోని మష్రక్ దగ్గర బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. 2016లో కోర్టు ప్రధానోపాధ్యాయురాలికి 17 ఏళ్ల శిక్ష వేసింది. అంటే శిక్ష ఆ విషాన్ని నిర్లక్ష్యంగా పిల్లల దాకా రానిచ్చినవాళ్లకి. అంత విషం అసలు మార్కెట్లో ఉండాలా అన్నది నిషేధాలతో ప్రభుత్వం తేల్చాల్సిన సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ఆ మందుని నిషేధించే ఆలోచన చేయమని మన దేశానికి చెప్పింది.

ఇప్పుడు మన సంగతి. 1968 పురుగుమందుల చట్టం సెక్షన్ 38 ప్రకారం మన సొంత సాగులో వాడుకునేదానికి మినహాయింపు ఉంది. అమ్మకం మొదలుపెడితే లెక్క మారుతుంది. వేప మందులు కూడా ఆ చట్టం కింద రిజిస్టర్ అవుతాయి. అమ్మాలనుకునేవాళ్లు ముందు మండల వ్యవసాయ అధికారిని అడిగి, రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇది ప్రకృతి వ్యవసాయమే కదా అని చట్టం ఊరుకోదు.

మీరు కొనేవాళ్లైతే ఇలా చేయండి:

- బిల్లు లేకుండా ఏ "బయో" మందూ కొనొద్దు. సీలు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూడండి.
- కొట్టే ముందు అరలీటరు నమూనా శుభ్రమైన సీసాలో తీసి, పేరు, తేదీ రాసి దాచండి. డబ్బా ఫోటో తీసుకోండి.
- మందు డబ్బాలు కడిగి మళ్లీ వాడొద్దు. నీళ్లకైనా, నూనెకైనా, కషాయానికైనా సరే.
- నష్టం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లాలి. రైతు కూడా వినియోగదారుడేనని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే.

ఆ కౌలు రైతుకి నేను చట్టప్రకారం ఏమీ బాకీ లేకపోవచ్చు. అయినా ఆ డబ్బా మీద పేరు నాదే. మధ్యలో కలిపినతని మీద ఫిర్యాదు రాయడానికి అతనితోపాటు నేనూ వెళ్లాను. ఈ ఏడు అతని చేలో అతని చేతే కషాయం కాయించాను. వీడియోలో పొయ్యి దగ్గర కనబడింది అతనే. మీరూ కాచుకోండి. మన చేత్తో కాచిన దాంట్లో ఏముందో మనకి తెలుసు.