పాస్‌వర్డు మార్చుకొమ్మని వచ్చు ఉత్తరములు: అసలేది, నకిలీ ఏది?

సహకార సంఘముల ఆఫీసులలో ఇప్పుడు పోస్టుమాను తెచ్చు కవరుల కంటె ఫోనులో పడు ఈమెయిళ్లే ఎక్కువైనవి. నూలు ఆర్డరు, జీఎస్‌టీ రిటర్ను, ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టలైన జెమ్‌లో బేరము, బ్యాంకు లెక్క, దూరప్రాంతపు షాపువారు వ్రాయు జాబు, ఇవన్నియు దాని ద్వారానే నడచుచున్నవి. వీటి నడుమ అప్పుడప్పుడు ఒక ఉత్తరము వచ్చును. "మా వద్దనున్న ఖాతాదారుల వివరములు దొంగిలింపబడినవి. మీ పాస్‌వర్డును వెంటనే మార్చుకొనుడు. ఇక్కడ నొక్కుడు" అని అందులో ఉండును. ఇది కంపెనీవారు వ్రాసినదా, దొంగ వ్రాసినదా? రెండు విధముల ఉత్తరములును వచ్చుచున్నవి కనుకనే చిక్కు. ఈ విషయమును నేత కుటుంబముల వారికి వివరముగా తెలుపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మా కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో, కురుడుమలె చుట్టుపట్ల పల్లెలలో, ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము, ఫోనులో ఇంగ్లీషు. ఇంగ్లీషు ఉత్తరము రాగానే "చూడు నాయనా, ఏమని వ్రాసినారో" అని చదువుకొన్న పిల్లవాని చేతికి ఫోను ఇచ్చుట ఇండ్లలో వాడుక. పిల్లవాడు భాష చదువగలడు గాని మోసమును చదువగలడని నమ్మకము లేదు. వాడు తొందరపడి నొక్కినచో పోవునది తండ్రి నెల దినములు మగ్గము గుంటలో కాళ్లాడించి సంపాదించిన కూలి. కాబట్టి పెద్దలకును పిల్లలకును ఈ సంగతి సమానముగా తెలియవలెను.

వివరములు పోవుట నిజమే

చోరీ జరిగినదనుట వట్టి బెదిరింపు మాట కాదు. 2020 నవంబరులో బెంగళూరు కేంద్రముగా ఇంటింటికి సరుకులు చేర్చు బిగ్‌బాస్కెట్ కంపెనీకి చెందిన సుమారు 2 కోట్ల ఖాతాదారుల వివరములు ఇంటర్నెట్టులోని దొంగసంతలో అమ్మకమునకు వచ్చినట్లు బయటపడినది. పేర్లు, ఈమెయిలు చిరునామాలు, ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు, మూలరూపము కనబడకుండ మార్చి దాచిన పాస్‌వర్డులు అందులో ఉండినవి. కంపెనీవారు బెంగళూరు సైబరు పోలీసులకు ఫిర్యాదు చేసిరి. అయినను 2021 ఏప్రిలులో ఆ మూట వెల లేకుండ ఎవరికైనను దొరుకునట్లు బయట పడవేయబడినది.

2023 మార్చిలో సైబరాబాదు పోలీసులు 16.8 కోట్ల మంది వివరములను అమ్ముచున్నారని ఒక ముఠాను పట్టుకొనిరి. కొద్ది దినములకే 66.9 కోట్ల మంది వివరములు గలవాడని మరియొకనిని పట్టుకొనిరి. 2024 జూనులో తెలంగాణ పోలీసువారి హాక్ ఐ యాప్ వివరములే చోరీ కాగా, ఆ కేసులో ఒక విద్యార్థిని అరెస్టు చేసిరి. పోలీసువారి పెట్టెకే కన్నము పడినప్పుడు ఏ కంపెనీ పెట్టె గట్టిదని చెప్పగలము?

ఇట్టి చోరీ వార్త పేపరులో పడగానే రెండవ దొంగ బయలుదేరును. వివరములు ఎత్తుకొనిపోయినవాడు ఒకడు. ఆ వార్తను చూపి జనులను భయపెట్టువాడు ఇంకొకడు. వీనికి గట్టి బలము ఒకటి కలదు. చోరీ అయిన మూటలో మీ పేరు, మీ ఫోను నంబరు, మీరు గతములో కొన్న సరుకు కూడ వానికి దొరకును. వాటిని ఉత్తరములో వ్రాసినచో ఎవరైనను "మన వివరములన్నియు తెలిసినవారు గదా, కంపెనీవారే" అని నమ్ముదురు. ఈ విధముగా గాలము వేయుటను ఫిషింగ్ అందురు. చోరీ జరిగిన పిమ్మట మీ వివరములు తెలిసియుండుట నిజాయితీకి గుర్తు కాదని మొదట గ్రహింపవలెను.

అసలు ఉత్తరము ఎట్లుండును

పాస్‌వర్డు మార్చు ఉత్తరములు రెండు తరగతులు. మొదటిది మనము అడిగినందున వచ్చునది. వెబ్‌సైటులో "పాస్‌వర్డు మరచితిని" అను చోట మనమే నొక్కుదుము. సాధారణముగా కొన్ని నిముషములలో ఉత్తరము వచ్చును. అందులోని లింకు కొంత సేపే పనిచేయును, సామాన్యముగా ఒక్కసారికే చెల్లును. పాత పాస్‌వర్డు చెప్పుమనిగాని, ఏటీఎం పిన్ను చెప్పుమనిగాని, ఓటీపీని తిరిగి వ్రాసి పంపుమనిగాని అందులో ఉండదు. మనము అడుగకుండనే ఇట్టి ఉత్తరము వచ్చినచో ఎవరో మన పేరుతో ప్రయత్నించినారని, లేదా అది నకిలీ అని అర్థము. ఎట్లయినను దానిని ముట్టకుండ వదలిన మన పాస్‌వర్డు మారదు. ఆ వెంటనే ఎవరైనను ఫోను చేసి "మీకు వచ్చిన అంకెలు చెప్పుడు" అనినచో వాడు దొంగయే.

రెండవ తరగతి, చోరీ జరిగిన పిమ్మట కంపెనీవారే అందరికి పంపు హెచ్చరిక. చిక్కు దీనితోనే. మనము అడుగలేదు, అయినను ఇది నిజము కావచ్చును. పైగా ఇట్టివి ఇక ముందు ఎక్కువగును. వివరములు పోయినచో సంబంధించిన ప్రతివారికి తెలుపవలెనని 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో ఉన్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. అసలు హెచ్చరికలు పెరిగిన కొలది వాటి చాటున నకిలీలును పెరుగును.

చిరునామా చదువు పద్ధతి

పంపినవారి పేరు అని పైన కనబడునది నమ్మదగినది కాదు. ఆ చోట ఎవరు ఏ పేరైనను వ్రాసుకొనవచ్చును. చూడవలసినది చిరునామా. దానిని చదువుటలో ఒక కిటుకు కలదు. ఈమెయిలు చిరునామాలో 'ఎట్' గుర్తు తరువాత ఉన్న భాగమును, లింకులో మొదటి జంట వాలుగీతలు దాటిన పిమ్మట వచ్చు ఒంటి వాలుగీతకు ముందున్న భాగమును, చివరి నుండి వెనుకకు చదువవలెను.

మన కవరు మీద వ్రాయు చిరునామా వంటిదే ఇది. మొదట కురుడుమలె అని వ్రాసి, చివర వేరొక జిల్లా, వేరొక రాష్ట్రము వ్రాసినచో ఆ కవరు అక్కడికే పోవును గాని మన ఊరికి రాదు. అట్లే చివర 'గవ్ డాట్ ఇన్' అని ముగిసినచో అది ప్రభుత్వపు చిరునామా. 'జెమ్ డాట్ గవ్ డాట్ ఇన్' సరియైనది. 'జెమ్ డాట్ గవ్ డాట్ ఇన్' అని మొదలిడి, దాని వెంట మరేదో మాట చేర్చి 'డాట్ కామ్' అని ముగించినచో అది ప్రభుత్వపుది కాదు. ముందర ఎంత మంచి పేరున్నను చివర ఉన్నదే దాని ఊరు.

బ్యాంకుల విషయములో ఒక మేలు జరిగినది. 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులు తమ వెబ్ చిరునామాలను 'బ్యాంక్ డాట్ ఇన్' అని ముగియు పేర్లకు మార్చవలెనని రిజర్వు బ్యాంకు ఆ సంవత్సరము ఏప్రిలులో ఆదేశించినది. ఈ పేర్లను నమోదు చేయు పని హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకు ఒప్పగింపబడినది. దారిన పోవువాడు ఈ పేరును కొనుక్కొనుటకు వీలు లేదు.

పనితనము చూచి పోల్చలేము

నకిలీ ఉత్తరములో తప్పుల తడక ఇంగ్లీషు ఉండునని, ముద్ర వంకరగా ఉండునని కొందరు చెప్పుదురు. ఆ కాలము గడచినది. కురుడుమలె సోమేశ్వరుని గుడిలో ఒక సగము జకణాచారి చెక్కెననియు, మరియొక సగము ఆయన కుమారుడు చెక్కెననియు మన ప్రాంతమున చెప్పుకొందురు. రాతి మీద ఉలి నడక చూచి ఇది ఫలానా వాని చేయి అనుట సాధ్యము కావచ్చును. ఈమెయిలులో అది సాధ్యము కాదు. దొంగ తానుగా ఏమియు చెక్కడు. కంపెనీవారి అసలు ఉత్తరమునే యథాతథముగా తీసుకొని, అందులోని లింకును మాత్రము మార్చును. భాష అదే, ముద్ర అదే, రంగు అదే.

ఈ విషయములో కంపెనీవారే బోల్తా పడిన సంగతి ఒకటి కలదు. 2017 సెప్టెంబరులో అమెరికాలో అప్పుల చరిత్ర నిలువచేయు ఈక్విఫాక్స్ అను కంపెనీ నుండి 14 కోట్లకు పైబడిన జనుల వివరములు పోయినవి. కంపెనీవారు బాధితుల కొరకు తమ మామూలు వెబ్‌సైటు గాక, కొత్త పేరుతో వేరొకటి తెరచిరి. ఇది ప్రమాదకరమని చూపుటకు ఒక సాంకేతిక నిపుణుడు ఆ పేరులోని మాటలను అటునిటు మార్చి అచ్చముగా అట్టిదే ఒక వెబ్‌సైటు చేసెను. కంపెనీ ఉద్యోగులు తమ ట్విట్టరు ఖాతాలో బాధితులకు ఆ నకిలీ చిరునామానే ఇచ్చిరి. సొంత ఇంటి తలుపునే ఇంటివారు గుర్తింపలేకపోయిరి. ఇక మనవంటి వారు కంటితో చూచి గుర్తింతుమనుట ఏపాటి?

దీనికి మారుగా మంచి పద్ధతి ఒకటి చూడుడు. 2012 జూనులో లింక్డ్‌ఇన్ కంపెనీ ఖాతాదారుల పాస్‌వర్డులు సుమారు 65 లక్షలు బయటపడినప్పుడు, తాము పంపు ఉత్తరములో లింకు ఏదియు ఉండదని కంపెనీవారు ముందుగానే ప్రకటించిరి. లింకే లేనప్పుడు గాలమునకు ముల్లే లేదు. మన వినియోగదారులకు మన సంఘములు వ్రాయు ఉత్తరములలో కూడ ఈ పద్ధతి అనుసరింపదగినది.

మన తలుపున మనము పోవలెను

పై సంగతులనుబట్టి తేలిన సూత్రము ఒక్కటే. ఉత్తరము అసలుదా నకిలీదా అని తర్కించుచు కూర్చొనవలసిన పని లేదు. ఏదైనను అందులోని లింకును నొక్కవలదు, అందులోని ఫోను నంబరుకు ఫోను చేయవలదు. ఉత్తరమును మూసి, మనకు తెలిసిన యాప్‌ను మనమే తెరచి, లేదా చిరునామాను మనమే టైపు చేసి లోనికి పోవలెను. హెచ్చరిక నిజమైనచో అక్కడ కూడ కనబడుట కద్దు. కనబడకపోయినను అక్కడనే పాస్‌వర్డు మార్చుకొనిన నష్టమేమియు లేదు. ఉత్తరము అసలుదైనను మన పని నెరవేరినది. నకిలీదైనను మనకు హాని లేదు.

పట్టు కొనునప్పుడు మనము చేయునదియు ఇదే గదా. వ్యాపారి చూపిన చీటీని మాత్రమే నమ్మక, ఒక పోగు తీసి మనమే కాల్చి చూతుము. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద నలిగినచో పట్టు, కరగి ముద్దయైనచో కృత్రిమము. పరీక్ష మన చేతిలో ఉండవలెను గాని ఎదుటివాని చేతిలో కాదు.

ఇంకొక పరీక్షయు కలదు. ఫోనులో పాస్‌వర్డు దాచుకొనియుంచినచో, అసలు వెబ్‌సైటు తెరచినప్పుడు ఫోను దానిని తానుగా నింపును. పోలిన పేరుగల నకిలీ వెబ్‌సైటులో నింపదు. మనకన్ను మోసపోవును గాని ఫోను అక్షరమక్షరము సరిచూచును. ఎప్పుడును నింపునది ఈసారి నింపలేదనినచో ఆగి చూడుడు.

సంఘములు చేయవలసిన ఏర్పాట్లు

సంఘపు ఈమెయిలు అన్ని బీరువాలకును తాళపుచెవి. జెమ్, జీఎస్‌టీ వంటివాటి పాస్‌వర్డు మార్చు ఉత్తరములు అక్కడికే వచ్చును. దానిని పట్టుకొనినవాడు తక్కినవాటిని ఒక్కొక్కటిగా తెరచుకొనగలడు. అంతకంటె చెడు పని ఒకటి కలదు. దొంగ చప్పుడు చేయక లోపల కూర్చుండి, మన జాబులు చదివి, చీరల బిల్లు పంపు సమయమున "మా బ్యాంకు లెక్క మారినది" అని మన పేరుతో షాపువారికి వ్రాయును. సరుకు మనది, డబ్బు వానిది అగును. ఇరువది మగ్గముల కూలి ఒక్క దెబ్బకు పోవచ్చును.

కాబట్టి ఈ క్రింది ఏర్పాట్లు చేసికొనవలెను:

1. సంఘపు ఈమెయిలుకు ప్రత్యేకమైన, పొడవైన పాస్‌వర్డు ఉండవలెను. దానిని మరెక్కడను వాడరాదు. ఒక కంపెనీలో పోయిన పాస్‌వర్డును దొంగలు తక్కిన అన్ని చోట్లను పెట్టి చూతురు.

2. పాస్‌వర్డుతో పాటు ఫోను ద్వారా రెండవ తనిఖీ ఏర్పాటు చేయవలెను. ఆ ఫోను నంబరు పదవి విరమించినవారిది కాక, ఇప్పుడు బాధ్యతలో ఉన్నవారిది కావలెను. కార్యదర్శి మారిన దినముననే నంబరును, పాస్‌వర్డును మార్చవలెను.

3. బ్యాంకు లెక్క నంబరు మార్పును గూర్చి ఈమెయిలు వచ్చినచో, పాత పుస్తకములోనున్న నంబరుకు ఫోను చేసి స్వయముగా మాట్లాడి రూఢి చేసికొనక పైకము పంపరాదు. మన షాపువారికి కూడ ఈ మాట ముందుగానే చెప్పి ఉంచవలెను.

4. "ఒక గంటలో ఖాతా మూయబడును" అని తొందరపెట్టు ఉత్తరమును ఇద్దరు చూచిన గాని ఏ పనియు చేయరాదు.

పొరపాటు జరిగినచో

ఎవరైనను పొరపాటున నకిలీ చోట పాస్‌వర్డు వ్రాసినచో సిగ్గుపడి దాచవలదు. ఇంటిలో పిల్లలు చెప్పినచో కోప్పడవలదు. కోప్పడినచో రెండవసారి చెప్పరు. వెంటనే అసలు వెబ్‌సైటులో పాస్‌వర్డు మార్చి, అన్ని ఫోనుల నుండియు ఖాతాను బయటికి తీయవలెను. ఈమెయిలులో మన జాబులు వేరొక చిరునామాకు పోవునట్లు ఎవరైనను ఏర్పాటు చేసినారేమో సెట్టింగులలో చూడవలెను. అదే పాస్‌వర్డు మరెక్కడ వాడియున్నను అక్కడ కూడ మార్చవలెను. పైకము పోయినచో బ్యాంకుకును, 1930 నంబరుకును ఆలస్యము చేయక ఫోను చేయవలెను. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ పోర్టలులో ఫిర్యాదు వ్రాయవచ్చును. దొంగ లెక్కనుండి పైకము చేతులు మారకముందే ఆపవలెను గనుక ఇందులో గంటలు కాదు, నిముషములు లెక్క.

పడుగులో ఒక పోగు తెగినప్పుడు అప్పుడే ముడివేసినచో బట్ట నిలుచును. చూడనట్లు నేసుకొనిపోయినచో గజముల పొడవున దోషము సాగును. ఈ విషయమును సంఘ సభ్యులు తమ తమ ఇండ్లలో చదివి వినిపింపవలెననియు, వచ్చు సర్వసభ్య సమావేశములో కార్యదర్శులు దీనిని చర్చకు పెట్టి పై నాలుగు ఏర్పాట్లను అమలు పరుపవలెననియు కోరుచున్నాము.