షామ్‌రాక్ గిన్నె చుట్టూ

ఏటా మార్చి మధ్యలో అమెరికా అధ్యక్షుని వైట్ హౌస్‌లో ఒక వేడుక జరుగుతుంది. ఐర్లండు ప్రధానమంత్రి వచ్చి, గాజు గిన్నెలో షామ్‌రాక్ అనే మూడాకుల మొక్కను అధ్యక్షునికి అందిస్తారు. వృక్షశాస్త్రం చదివే నాకు మొదట ఆ మొక్క మీదే ఆసక్తి. పశువులకు మేతగా వేసే బర్సీం జాతిదే అది. కాని ఆకు సంగతి తెలుసుకోబోయి రాజకీయాల్లోకి జారాను.

1952లో ఐరిష్ రాయబారి ట్రూమన్‌కు చిన్న పెట్టెలో ఈ ఆకులు పంపడంతో ఆచారం మొదలైంది. ఐర్లండు జనాభా యాభై లక్షలకు కాస్త పైన, అంతే. ఇంత చిన్న దేశానికి ఏటా ఆ గడప తొక్కే అవకాశం ఎలా వచ్చింది?

జవాబు బంగాళాదుంప చేలో ఉంది. 1845లో ఫైటోఫ్తోరా అనే తెగులు తగిలి చేలకు చేలు నల్లబడి కుళ్ళిపోయాయి. పేదరైతుకు ఆ దుంపే తిండి. ఏడేళ్ళలో సుమారు పది లక్షలమంది చనిపోయారు. మరో పది లక్షలకు పైగా ఓడలెక్కి వలసపోయారు. అంత కరువులోనూ ఆ దేశపు ధాన్యం ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది! సేద్యం చేసే ఇంట పుట్టినవాణ్ణి, ఈ మాట దగ్గర నాకు చదువు ముందుకు సాగలేదు. ఈనాడు మూడు కోట్లకు పైగా అమెరికన్లు తమది ఐరిష్ సంతతి అని చెప్పుకుంటారు. వాళ్ళ చేతిలో ఓట్లున్నాయి. అదీ అసలు రహస్యం.

ఈ చుట్టరికం ఒక పెద్ద గొడవ తీర్చడానికి పనికొచ్చింది. ఉత్తర ఐర్లండులో 1960ల చివర మొదలైన హింస ముప్ఫై ఏళ్ళపాటు సాగి సుమారు 3,500 మందిని పొట్టనపెట్టుకుంది. బ్రిటన్ మిత్రదేశం కాబట్టి అమెరికా చాలాకాలం దూరంగానే ఉంది. 1977లో కార్టర్ మొదటిసారిగా, శాంతి కుదిరితే ఉద్యోగాలిచ్చే పెట్టుబడులు వచ్చేలా సాయం చేస్తామన్నారు. 1994 ఆరంభంలో బ్రిటన్ వద్దంటున్నా క్లింటన్ జెర్రీ ఆడమ్స్‌కు వీసా ఇచ్చారు. ఆ ఆగస్టు 31న ఐ.ఆర్.ఏ. కాల్పులు ఆపింది. తరువాత జార్జ్ మిచెల్‌ను క్లింటన్ మొదట నియమించింది ఆర్థిక వ్యవహారాలకే. ఆ మిచెలే తరువాత శాంతి చర్చలకు అధ్యక్షత వహించారు. 1998 ఏప్రిల్ 10న ఒప్పందం కుదిరింది. అంటే శాంతి, వ్యాపారం ఒకే బండికి కట్టిన రెండెద్దుల్లా నడిచాయన్నమాట.

అయితే ఒక ఎద్దు మొరాయిస్తే రెండోదీ నిలిచిపోతుంది. తక్కువ పన్ను చూసి అమెరికన్ మందుల కంపెనీలు ఐర్లండులో ఎన్నో ఫ్యాక్టరీలు పెట్టాయి. అక్కడ తయారైన మందులు తిరిగి అమెరికాకే ఎక్కువగా వెళతాయి. 2025 మార్చి 12న ట్రంప్ ఈ వాణిజ్య లోటును మిషెల్ మార్టిన్ ఎదుటే ఎత్తిచూపారు. ఐరిష్ కంపెనీలు బోయింగ్ విమానాలు కొంటున్న సంగతి మార్టిన్ ఓపిగ్గా గుర్తుచేశారు. పైగా ఐర్లండు సొంతంగా సుంకాలు బేరమాడుకోలేదు. ఆ పని యూరోపియన్ యూనియన్‌ది. ఆ యూనియనే 2025 జులైలో చాలా సరుకులపై 15 శాతం సుంకానికి ఒప్పుకుంది.

అమ్ముకునేవాడి ఇబ్బంది నాకు తెలుసు. ధాన్యం కొనే షావుకారు అరుగు మీద కూర్చుని, ఆయనకు నచ్చని మాట అనాలంటే మావాళ్ళకూ నోరు రాదు. అందుకే 2024 మార్చి 17 నాటి మాట నాకు గొప్పగా తోచింది. ముంబయిలో పుట్టిన వైద్యుని కుమారుడు లియో వరద్కర్ అప్పుడు ఐర్లండు ప్రధాని. ఇజ్రాయెల్‌కు ఆయుధాలిచ్చే దేశపు అధ్యక్షుడు బైడెన్ పక్కన నిలబడి, పాలస్తీనా ప్రజల కళ్ళలో మా చరిత్రే మాకు కనిపిస్తోందని, వలసనూ ఆకలినీ పేరుపెట్టి చెప్పారు. అక్కడి బాంబులు బైట ఆపాలని, వాళ్ళకు తిండి, మందులు, నీడ అందాలని అన్నారు.

ఆ మాటతో యుద్ధం ఆగలేదు, నిజమే. కాని 1845 నాటి ఆకలిని గుర్తుంచుకున్న దేశం మరొకరి ఆకలి చూసి ఊరుకోకపోవడం చిన్న విషయం కాదు. గిన్నెడు ఆకులు ఇచ్చి దొరికించుకున్న గంటను అలా వాడుకోవడమే దౌత్యమని నా అభిప్రాయం.