ఊపిరి దగ్గర సర్దుబాటు లేదు

శ్రావణమాసం వచ్చిందంటే ఒక శనివారమైనా గండి వీరాంజనేయస్వామి దర్శనానికి వెళ్లడం మా ఇంటి ఆనవాయితీ. పోయిన శ్రావణంలో విశాఖ నుంచి మా అక్క కూతురు కూడా వచ్చింది. అక్కడ ఉద్యోగం చేస్తూ, రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ నేర్చుకుంది. పాపాఘ్నిలో పాదాలు తడుపుకున్నా "జాగ్రత్తమ్మే!" అని కేకేసే మా అక్కకు, కూతురు సముద్రంలో మునుగుతోందంటే నిద్రెక్కడ పడుతుంది?

ఆ అమ్మాయి సంచిలో నల్ల గొట్టాలు, నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్క ఉన్న వస్తువొకటి కనిపించింది. రెగ్యులేటర్ అట. జీతంలో మిగుల్చుకుని కొనుక్కుంది. దాని మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. 'పాపం, ప్రయాణం చేసి పడుకుంది, నేనే కడిగిపెడదాం' అనుకుని సబ్బుపొడి కలిపిన బకెట్లో ముంచేశాను. మధ్యలో మీటలాంటిది ఉంటే దాన్నీ నాలుగుసార్లు నొక్కాను.

లేచి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. "మూత పెట్టకుండానే ముంచినావా చిన్నమ్మా! మీట కూడా నొక్కినావా? లోపలికి నీళ్లు పోయింటాయి!"

అప్పుడు తెలిసింది అదేమిటో. వీపున కట్టుకునే సిలిండర్లో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త ఎక్కువంతే! అంత ఒత్తిడితో నేరుగా పీల్చుకోలేం కదా. సిలిండర్‌కు బిగించే మొదటి భాగం దాన్ని పది బార్లకు అటూ ఇటూగా తగ్గిస్తుంది. నోటి దగ్గరి రెండో భాగం చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానం చేసి, మనం పీల్చినప్పుడు మాత్రమే గాలినిస్తుంది. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గన్యాన్ కలిసి దీన్ని రూపొందించారు. యుద్ధకాలపు పెట్రోలు కరువులో కార్లను గ్యాస్‌తో నడపడానికి గన్యాన్ చేసిన వాల్వే దీనికి మూలమట. మన వంటింటి రెగ్యులేటర్‌కు దూరపు చుట్టమన్నమాట!

కడిగే పద్ధతి

సముద్రపు నీళ్లు ఆరితే మిగిలే ఉప్పు పలుకులు లోపలి రబ్బరు రింగులను, వాల్వులను పాడుచేస్తాయి. అందుకే ఒడ్డుకు రాగానే ఉప్పు ఆరకముందే కడగాలి. ముందు మొదటి భాగానికుండే మూతను పొడిగా తుడిచి, గట్టిగా బిగించాలి. తర్వాత మంచినీళ్లలో, గోరువెచ్చనివైతే మరీ మంచిది, కాసేపు నాననివ్వాలి. నానేటప్పుడు మీట నొక్కకూడదు. నొక్కితే వాల్వు తెరుచుకుని నీళ్లు గొట్టంలోకి ఎక్కుతాయి. ఊపిరి వదిలే దారిలో ఇసుక రేణువు ఇరుక్కుంటే నీళ్లు నోట్లోకి వస్తాయి కాబట్టి అక్కడ బాగా కడగాలి. మా బోరు నీళ్లు ఉప్పన కనుక చివరగా తాగే నీళ్లు పోయమంది. ఎండలో కాదు, నీడలోనే ఆరబెట్టాలి. గొట్టాలు మెలిక పడకూడదు. నూనె, గ్రీజు పూయకూడదు. నోటి రబ్బరు చిరిగిందేమో ప్రతిసారీ చూసుకోవాలి. విప్పి బాగుచేయడం మాత్రం శిక్షణ ఉన్నవాళ్ల పని. తయారీదారు చెప్పిన గడువుకు, మామూలుగా ఏడాదికోసారి, సర్వీసు చేయించాలి.

"నీడలో రెండ్రోజులు పెడితే ఆరిపోతుందిలే" అన్నాను, చేసిన తప్పు చిన్నది చేసుకోవాలని.

"నీళ్ల కింద సర్దుకుందామంటే కుదరదు చిన్నమ్మా" అంది. విశాఖ వెళ్లగానే దాన్ని సర్వీసుకిచ్చింది. ఎప్పట్నుంచో అనుకున్న ఆదివారం డైవింగ్ మానుకుంది. ఆ సంగతి ఫోన్లో విన్న మా అక్క "పోనీలే, పిల్లకు భయమంటే ఏందో తెలుసు" అంది. ఆమె నోట ధైర్యం మాట వినడం అదే మొదటిసారి.

మరి మన వంటిల్లో?

ఆ రాత్రే నా గ్యాస్ గొట్టం చూసుకున్నాను. దాని మీద అచ్చువేసిన గడువు ఎప్పుడో దాటిపోయింది. వంచితే సన్నటి పగుళ్లు. చీర చిరిగితే సర్దుకున్నట్టే దీనితోనూ సర్దుకుంటున్నాను! మర్నాడే మార్పించాను.

మీరూ ఒకసారి చూడండి. గొట్టాన్ని ఐదేళ్లకోసారి, పగుళ్లు కనిపిస్తే అంతకుముందే మార్చాలి. లీకు అనుమానముంటే అగ్గిపుల్ల గీయకుండా సబ్బు నురగ రాసి చూడాలి. బుడగలు వస్తే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, గ్యాస్ ఏజెన్సీ వాళ్లకు కబురు చేయాలి. ఇంకోమాట, గ్యాస్ రెగ్యులేటర్‌ను నాలాగా నీళ్లలో ముంచకండి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.