ఎలక్ట్రాన్ వోల్టు నుండి కరెంటు యూనిట్ వరకు

ఢిల్లీ ఐ.ఐ.టి. పొరుగున ఉన్న కటవారియా సరాయ్ పోటీ పరీక్షల విద్యార్థులకు చిరపరిచితమైన పేట. ప్రభుత్వరంగ సంస్థలలో ఉద్యోగానికి దారితీసే గేట్ పరీక్ష కోసం అక్కడి అద్దె గదులలో ఎందరో శ్రమిస్తుంటారు. ఆ పరీక్షలో సమాధానాన్ని సంఖ్యగా ఇవ్వవలసిన ప్రశ్నలకు పద్ధతిని చూసి మార్కులు వేయరు. సూత్రం తెలిసినా, ప్రమాణం మార్చడంలో తడబడితే శ్రమ వృథాయే.

కణ భౌతికశాస్త్రంలో ఈ చిక్కు తరచు ఎదురవుతుంది. ఒక ఎలక్ట్రాన్ ఒక వోల్టు పొటెన్షియల్ భేదాన్ని దాటినప్పుడు పొందే శక్తిని ఎలక్ట్రాన్ వోల్టు అంటారు. అది 1.602 × 10⁻¹⁹ జౌళ్ళకు సమానం. మెగా అంటే పది లక్షల రెట్లు. గిగా అంటే నూరు కోట్ల రెట్లు. టెరా అంటే లక్ష కోట్ల రెట్లు. జెనీవా సమీపంలోని సెర్న్ యంత్రంలో 2022లో ఒక్కొక్క ప్రోటాన్ శక్తి 6.8 టెరా ఎలక్ట్రాన్ వోల్టులకు చేరింది. జౌళ్ళలో అది 1.09 × 10⁻⁶ మాత్రమే!

ఇక మన ఇంటి మీటరును చూద్దాం. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు. యురేనియం-235 పరమాణు కేంద్రకం ఒకటి విచ్ఛిత్తి చెందితే సుమారు 200 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, అనగా 3.2 × 10⁻¹¹ జౌళ్ళు వెలువడతాయి. కనుక ఒక యూనిట్‌కు సరిపడు ఉష్ణానికి దాదాపు 1.1 × 10¹⁷ విచ్ఛిత్తులు కావాలి. అందుకు ఖర్చయ్యే యురేనియం-235 ఒక మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతుకు లోపే.

ఇక్కడ మెగాను గిగాగా పొరబడితే జవాబు వెయ్యి రెట్లు తప్పుతుంది. అందుచేత ప్రతి మెట్టులోనూ సంఖ్య పక్కన ప్రమాణాన్ని వ్రాయాలి. ఎలక్ట్రాన్ వోల్టులను జౌళ్ళలోకి మార్చితే సంఖ్య తగ్గాలి. తిరిగి మార్చితే పెరగాలి. ఈ చిన్న పరిశీలనను మన పిల్లలకు బడి నాటి నుండే అలవాటు చేద్దాం.