పుట్టింట్లో ఉండిపోయిన కార్డు

మా చెల్లెలి కూతురికి పదకొండో నెల నడుస్తున్నప్పటి మాట. 2023 జనవరి. రాత్రి పూట ఖమ్మం నుంచి ఫోను. "అక్కా, పాపకి మూడ్రోజుల్నించీ జలుబు తగ్గట్లేదే. పాలు తాగట్లేదు. డొక్కలెగరేస్తోంది" అంది. నేను చటుక్కున "దిష్టి తీశావా?" అనేశాను. డిగ్రీ చదివి, పత్రికలకు కథలు రాసుకునే నేను! తర్వాత సిగ్గేసిందనుకోండి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టకముందే పాప గౌను పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టారట. 58. రెండు నెలలు నిండి ఏడాదిలోపు పిల్లలకు నిమిషానికి 50 గానీ అంతకు మించి గానీ ఉంటే న్యుమోనియా అని అనుమానించాల్సిందే. ఏడాది నుంచి అయిదేళ్ల వరకూ ఆ లెక్క 40. రెండు నెలల్లోపు పసిగుడ్డుకైతే 60. పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు లెక్కపెట్టాలి, అంతే. దీనికి మనకి డాక్టరు చదువు అక్కర్లేదు. గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతున్నా, పాలు పట్టకపోయినా, మగతగా పడి ఉన్నా మాత్రం లెక్కలు కూడా మానేసి ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఆవిడ అడిగిన రెండో ప్రశ్నకి మా చెల్లెలు నీళ్లు నమిలింది. "టీకాల కార్డేదమ్మా?" కార్డు తెనాలిలో ఉంది. మా అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, భద్రంగా!

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. మనకి తొలికాన్పు పుట్టింట్లోనే కదా. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం సూదులు అక్కడే పడతాయి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మరీ గుర్తుచేస్తుంది. ఆ తర్వాత మంచిరోజు చూసి తల్లినీ బిడ్డనీ సారెతో అత్తారింటికి పంపిస్తాం. వెండి గిన్నె, ఉయ్యాల అన్నీ వెళ్తాయి, కార్డు తప్ప. అక్కడి ఆశా పుస్తకంలో ఈ పిల్ల పేరుండదు. పైగా సూది వేసిన ప్రతిసారీ జ్వరం వచ్చి రాత్రంతా జాగారం చేసిన తల్లికి, "అన్నీ అయిపోయాయిలే" అని ఎవరైనా అంటే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. అలా తొమ్మిదో నెల జారిపోతుంది.

ఆ తొమ్మిదో నెల చాలా ముఖ్యం. ఊపిరితిత్తులను కాపాడే టీకా ఒకటే కాదు. ఆరు, పది, పద్నాలుగు వారాల్లో వేసే పెంటావాలెంట్‌లో కోరింత దగ్గుకీ, న్యుమోనియా తెచ్చే హిబ్ అనే బాక్టీరియాకీ మందుంది. న్యుమోకోకస్ అనే మరో బాక్టీరియాని ఆపే పీసీవీ టీకాని ఆరో వారం, పద్నాలుగో వారం వేసి, తొమ్మిది నెలలు నిండాక బూస్టర్ ఇస్తారు. మా అబ్బాయి పుట్టినప్పుడు ఈ పీసీవీ ప్రైవేటులోనే దొరికేది, డోసు వేలల్లో. మేం వేయించలేదు. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం.

తొమ్మిది నెలలు నిండాక వేసే ఇంకో సూది తట్టుకి, అంటే ఎం.ఆర్. టీకా. 'తట్టుకీ ఊపిరితిత్తులకీ ఏం సంబంధం?' అని నేనూ అనుకున్నాను. తట్టు వచ్చిన పిల్లలు చనిపోతే దానికి ఎక్కువసార్లు కారణం న్యుమోనియాయేనట. ఒంటి మీది పొక్కులు మాడిపోయినా ఆ జబ్బు పిల్లల్లోని రోగనిరోధక శక్తిని దెబ్బతీసి పోతుంది. మనం అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి, చల్లబడింది కదా అని ఊరుకునేది సరిగ్గా అప్పుడే.

ఆఫ్రికాలోని గాంబియాలో వేలమంది పసిపిల్లల మీద పీసీవీని పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించారు. ఎక్స్‌రేలో తేలిన న్యుమోనియా 37 శాతం తగ్గింది. అన్ని కారణాల మరణాలూ కలిపి చూసినా 16 శాతం తగ్గాయి. అమెరికాలో 2000లో పిల్లలకు ఈ టీకా మొదలుపెట్టాక, ముసలివాళ్లు న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరడమూ తగ్గింది. పిల్లల ముక్కుల్లో ఆ క్రిమి లేకపోతే ఇంట్లో పెద్దలకు అంటదు మరి. మనవరాలికి సూది, నానమ్మకి మేలు!

అలాగని టీకా వేయిస్తే దగ్గే రాదనుకోకండి. జలుబూ దగ్గూ తెచ్చే వైరస్‌లు బోలెడు, చాలావాటికి మన కార్డులో టీకాలు లేవు. "అన్నీ వేయించినా దగ్గొచ్చింది, ఇంకెందుకు?" అనే పక్కింటావిడతో నేను వాదించేది ఈ మాట మీదే. తగ్గేది ప్రాణం మీదికి తెచ్చే రకం. మా పాపకి ఆ బూస్టర్ పడి ఉంటే న్యుమోనియా రాకపోయేదా? డాక్టరమ్మ కూడా "చెప్పలేం" అన్నారు. మా చెల్లెలికి మాత్రం ఆ మాట చాల్లేదు. ఆక్సిజన్ గొట్టం పెట్టిన ఆ నాలుగు రోజులూ అదే అడుగుతూ కూర్చుంది.

మా అమ్మ కార్డు పట్టుకుని మర్నాడే బస్సెక్కింది. ఆలస్యమైతే మళ్లీ మొదట్నుంచీ వేయించక్కర్లేదట, మిగిలినవి వేయిస్తే సరిపోతుంది. పాప కోలుకున్నాక రెండు సూదులూ ఒకేరోజు వేయించారు. కార్డు ఇప్పుడు చెల్లెలి హ్యాండ్‌బ్యాగులో ఉంటోంది, నా ఫోన్లో దాని ఫోటో కూడా ఉంది. పదహారు నెలలు నిండాక ఎం.ఆర్. రెండో డోసుకి తనే గుర్తుపెట్టుకుని వెళ్లింది. "జ్వరమొస్తే ఫోన్ చేస్తానక్కా" అంది. చేసింది కూడా, రాత్రి పదకొండింటికి.