ఫోన్‌లో మెరిసిన పెళ్లి చీర.. ఆల్బమ్‌లో ఎందుకు మసకబారింది? రంగు తేడా వచ్చేది ఇక్కడే!

పాలకుర్తి: "అన్నా, నా చీర రంగు ఇది కాదు!" పెళ్లి ఆల్బమ్ చేతికి వచ్చిన రోజు ఫొటో స్టూడియోల్లో తరచూ వినిపించే మాట ఇది. ఫోన్‌లో చూస్తే నెమలిపింఛం నీలం, ఆల్బమ్‌లో చూస్తే వంకాయ రంగు. ఫొటోగ్రాఫర్ ఏమో "మా సిస్టమ్‌లో కరెక్ట్‌గానే ఉంది" అంటాడు. ల్యాబ్ వాళ్లను అడిగితే "మీరు పంపిన ఫైలే ప్రింట్ చేశాం" అంటారు. నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మరి రంగు ఎక్కడ మారింది?

పాలకుర్తి, తొర్రూరు లాంటి చోట్ల ఫొటోగ్రాఫర్ ఎడిటింగ్ తన కంప్యూటర్‌లో చేసుకుని, ఆల్బమ్ ప్రింటింగ్‌కు సిటీలోని కలర్ ల్యాబ్‌కు పంపడం మామూలే. అంటే ఒకే ఫొటోను కెమెరా, ఎడిటింగ్ మానిటర్, ల్యాబ్ మెషీన్, మీ ఫోన్ నాలుగు రకాలుగా చూపిస్తాయి. ఈ నాలుగింటికీ ఒకే లెక్క ఉండాలి కదా? చాలాసార్లు ఆ లెక్క సరిచూసినవాళ్లే ఉండరు. ఆల్బమ్ బైండింగ్ కూడా అయిపోయాక మళ్లీ వేయించాలంటే ఆ ఖర్చు ఎవరిది అన్న దగ్గర గొడవ మొదలవుతుంది.

పెళ్లి ఆల్బమే కాదు. చనిపోయిన నాయనమ్మదో తాతదో ఫోన్‌లో మిగిలిన ఒక్క ఫొటోను పెద్దది చేయించి, దండ వేసి గోడకు పెట్టుకుంటాం. ఆ ముఖం ఎర్రగా, నల్లగా వస్తే మన మనిషిని చూసినట్టే ఉండదు.

తెర వేరు, కాగితం వేరు

ఫోన్, మానిటర్ తమ సొంత వెలుగుతో రంగులు చూపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు మూడూ కలిస్తే తెలుపు. కాగితానికి సొంత వెలుగు లేదు. గదిలో ఉన్న లైటు దాని మీద పడి మన కంటికి రావాలి. మధ్యలో సిరా కొంత వెలుగును మింగేస్తుంది. అందుకే తెరమీద కనిపించే కొన్ని రంగులు కాగితం మీదకు అసలు రావు. మెరిసే నీలం, రామచిలుక ఆకుపచ్చ, రేడియం గులాబీ ఈ లిస్టులో ముందుంటాయి. ఎంత ఖరీదైన ప్రింటర్ తెచ్చినా వీటితో కొంచెం రాజీ పడాల్సిందే.

అయితే ఎక్కువ మంది చేసే కంప్లైంట్ "ప్రింట్ డల్‌గా వచ్చింది" అని. దీనికి పెద్ద కారణం సిరా కాదు, బ్రైట్‌నెస్! ప్రింట్ కోసం ఎడిటింగ్ చేసే మానిటర్ వెలుగు 80 నుంచి 120 నిట్ల మధ్య ఉంచుకోమని చెబుతారు. ఇప్పటి ఫోన్లు ఎండలో 1000 నిట్లు కూడా దాటేస్తున్నాయి. ఫుల్ బ్రైట్‌నెస్‌లో కూర్చుని ఎడిట్ చేస్తే ఫొటో ఇంకా వెలుగుగా ఉందనిపించి మనమే తగ్గించేస్తాం. ఆ తగ్గించిందే ప్రింట్ అవుతుంది.

క్యాలిబ్రేషన్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే, కిరాణా కొట్టులో తూకం రాళ్లకు ముద్ర వేయించడం లాంటిది. కలరీమీటర్ అనే చిన్న పరికరాన్ని మానిటర్ మీద వేలాడదీస్తారు. సాఫ్ట్‌వేర్ ఒక్కో రంగు తెరమీద చూపిస్తుంటే పరికరం కొలుస్తుంది. కొన్ని నిమిషాల పని. తెల్లదనం 6500 కెల్విన్, గామా 2.2 అనే లెక్కకు తెరను తెచ్చాక, మిగిలిన తేడాలు రాసిపెట్టిన ఫైల్ ఒకటి తయారవుతుంది. దాన్నే ఐసీసీ ప్రొఫైల్ అంటారు. ఒక కంపెనీ మెషీన్ రంగు ఇంకో కంపెనీ మెషీన్‌కు అర్థం కావాలని 1993లో 8 కంపెనీలు కలిసి పెట్టుకున్న ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం పేరు మీద వచ్చిందే ఈ ఐసీసీ. తెర రంగు కాలంతో మారుతుంది కాబట్టి నెలకో రెండు నెలలకో మళ్లీ కొలవాలి.

ప్రింటర్‌కూ ఇలాంటి ప్రొఫైలే ఉంటుంది. కాకపోతే అది ఆ ప్రింటర్, ఆ ఇంకు, ఆ పేపర్ మూడింటికీ కలిపి చేసింది. గ్లాసీ పేపర్ ప్రొఫైల్‌తో మ్యాట్ పేపర్ మీద కొడితే రంగు తప్పుతుంది. కంపెనీ ఇంకు అయిపోయిందని లోకల్ ఇంకు నింపినా అంతే. స్టూడియోలో సొంత ఇంక్‌జెట్ ఉన్నవాళ్లు చేసే ఇంకో పొరపాటు ఉంది. ఫొటోషాప్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి, ప్రింటర్ డ్రైవర్‌లో కూడా ఆన్‌లోనే వదిలేస్తారు. ఒకే ఫొటోకు రెండుసార్లు దిద్దుబాటు జరిగి ముఖాలు ఎర్రబారతాయి. రెండింట్లో ఒకటే ఉండాలి. అంతకంటే ముందు నాజిల్ చెక్ కొట్టి చూడండి. సయాన్ హెడ్ మూసుకుపోయినా ఇలాగే ఎరుపు తిరుగుతుంది. అప్పుడు ఏ ప్రొఫైల్ వేసినా దండగే.

పరికరం కొనలేం, మరి ఎలా?

కలరీమీటర్ వేల రూపాయల ఖర్చు. చిన్న స్టూడియోకు అది భారమే. పూర్తిగా కరెక్ట్ కాకపోయినా చాలావరకు దగ్గరకు తెచ్చే దారి ఉంది. మానిటర్ ఆన్ చేసి అరగంట ఆగండి. నైట్ లైట్, వివిడ్ మోడ్ ఆపేయండి. తెరమీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కనే తెల్ల కాగితం పట్టుకుని, రెండింటి వెలుగు దాదాపు ఒకేలా అనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. మొదట్లో మరీ చీకటిగా అనిపిస్తుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

తర్వాత ఒక టెస్ట్ ఫొటో కావాలి. సోమేశ్వరస్వామి గుడి గుట్ట దగ్గర నీడలో తెల్ల పంచె కట్టుకున్న మనిషిని, పక్కన కుంకుమ రంగు చీరలో ఇంకొకరిని నిలబెట్టి తీసుకుంటే చాలు. వెనకాల బండ కూడా ఫ్రేములో ఉండాలి. ఎందుకంటే పంచె, బండ లాంటి రంగు లేని వాటిలోనే తేడా ముందు బయటపడుతుంది. ప్రింట్‌లో పంచె గులాబీగానో పచ్చగానో కనిపిస్తే ఎక్కడో లెక్క తప్పినట్టే. ఈ ఫొటోను ఏమీ దిద్దకుండా మీ ల్యాబ్‌లోనే 4×6 సైజులో వేయించండి. "ఆటో కరెక్షన్ వద్దు" అని ముందే చెప్పండి. ప్రింట్ వచ్చాక దాన్ని మానిటర్ పక్కన పెట్టి, మానిటర్ సెట్టింగులనే ప్రింట్‌కు దగ్గరగా మార్చండి. ఫైల్‌ను మాత్రం ముట్టుకోవద్దు. ఇక్కడే చాలామంది తిరగేసి చేస్తారు.

ల్యాబ్‌కు పంపే ఫైల్ ఎస్‌ఆర్‌జీబీలో ఉండాలా అని అడిగి తెలుసుకోండి. చాలా ల్యాబ్‌లు అదే కోరతాయి. ఐఫోన్ ఫొటోలు డిస్‌ప్లే పీ3 అనే ఇంకాస్త పెద్ద రంగుల పరిధిలో ఉంటాయి. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఆ సంగతి పట్టించుకోకపోతే ముఖాలు పాలిపోయినట్టు వస్తాయి. మార్చి పంపితే ఈ గొడవ ఉండదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు కూడా తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఇదంతా ఆల్బమ్‌కు, గోడ ఫొటోకు. రోడ్డు మీద కట్టే ఫ్లెక్సీకి ఇంత కష్టం అనవసరం, దాన్ని ఎవరూ చేతిలో పట్టుకుని చూడరు కదా!

ఇక ఆల్బమ్ చేయించుకునేవాళ్లు బుకింగ్ రోజే ఒక మాట అడగండి. మొత్తం ఆల్బమ్ కొట్టేముందు పెళ్లికూతురి ఫొటో ఒకటి, తలంబ్రాల ఫొటో ఒకటి శాంపిల్ ప్రింట్ వేసి చూపించమనండి. రెండు ప్రింట్ల ఖర్చు ఆల్బమ్ ధరలో లెక్కలోకే రాదు. శాంపిల్ వచ్చాక షాపులో ట్యూబ్‌లైట్ కింద చూసి ఓకే చెప్పేయకండి. ఒక్కో లైటు కింద రంగు ఒక్కోలా కనిపిస్తుంది. పెళ్లి చీర వెంట తీసుకెళ్లి, పగటిపూట షాపు బయట నీడలో నిలబడి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.