కొలువున నున్నవారు - పైయధికారుల విసుగు



కొలువున నున్నవారి యే యలవాట్లు పైయధికారులకు విసుగు పుట్టించునో, దానికి కారణమేమో విచారించుటయే నా ప్రసంగ విషయము. ఇది కచేరీలవారి గొడవ, మనకేల యని మీరనుకొనవలదు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మెదకు జిల్లా క్రొత్తరూపు దాల్చినపుడు హవేలిఘనపూరు మెదకు మండలమునుండి వేరుపడి తానే యొక మండల కేంద్రమైనది. కచేరీలు ఊరి చెంతకే వచ్చినవి. ఈ చుట్టుపట్ల నెన్నో యిండ్లలో కొడుకో, కోడలో, మనుమడో జీతముపై పనిచేయుచున్నారు. మీలో పలువురు జీతగాండ్రను పెట్టి సేద్యము చేయించినవారే. కావున పని చెప్పువాని విసుగును, పని చేయువాని కష్టమును మీరు రెండును నెరుగుదురు.

ఈ విచారము క్రొత్తది గాదు. పాండవులు మారువేషములతో విరాటుని కొలువున చేరబోవునపుడు ధౌమ్యుడు వారికి సేవాధర్మములను బోధించెను. తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వము చదివినవారికి ఈ ఘట్టము తెలిసినదే. రాజ్యమేలినవారికి సైతము కొలువు చేయుట నేర్పవలసివచ్చినది. ఏలినవాని రహస్యము వెలిపుచ్చరాదనియు, తగని యాసనమున కూర్చుండరాదనియు, ఒకరికి పని చెప్పుచుండగా నేనేమి చేయుదునని ముందునకు రావలయుననియు ఆ బోధ సారము. కౌటిల్యుని యర్థశాస్త్రము లెక్కలను ఆషాఢమాసమున తెచ్చి యొప్పగింపవలెననియు, గడువు దాటించినవారిని దండింపవలెననియు విధించినది. ఆలస్యమునకు విసుగుకొనుట అంత పూర్వమునుండియు కలదు.

ఇక నేటి కొలువులలో నేను గమనించిన యలవాట్లను జెప్పెదను. వేళకు రాకుండుట యొకటి. అంతకంటె, రాలేనని ముందుగా కబురంపకుండుట మిక్కిలి విసుగు గొలుపును. చెప్పినది బోధపడకున్నను సరేయని తలయూచుట రెండవది. సగమైన పనిని అయినదనుట మూడవది. పొరపాటు జరిగినపుడు అది తనంతట బయటపడువరకు నూరకుండుట నాలుగవది. బయటపడిన పిదప ప్రక్కవానిపై నెట్టుట యైదవది.

ఈ యైదింటిని కలిపి చూడుడు. వీనిలో పని చేతగానితనము లేదు. చేతగానివానికి నేర్పవచ్చును, వేరు పని యీయవచ్చును. ఇచట లోపించినది వేళకు నిజము తెలుపుట. పైయధికారి తన కంటితో చూడజాలని పనులకు బాధ్యుడు. క్రిందివాని మాటయే యతనికి కన్ను. ఆ మాట నమ్మరానిదైనపుడు అతడు ప్రతిదానిని మరల మరల నడుగును, గద్దించును. దానినే మనము విసుగందుము.

దీనివలన నష్టపోవువాడు అధికారి మాత్రమే గాడు. మంజీరపై 1905లో నిర్మింపబడిన ఘనపూరు ఆనకట్టను మీరెరుగుదురు. దాని క్రింద 21 వేల యెకరములకు పైగా ఆయకట్టు కలదు. అచటినుండి బయలుదేరు మహబూబ్ నహరు 40 కిలోమీటర్లకు మించిన కాలువ. ఎగువ సింగూరునుండి నీరు వదలి, తడులు లెక్కించి పంచవలసిన కాలములు వచ్చుచుండును. అట్టి కాలువ గట్టున ఒకచోట చిన్న బుంగ పడినదనుకొందము. తూములు కనిపెట్టియుండు లష్కరు, అనగా పూర్వపు నీరటికానివంటివాడు, దానిని ప్రొద్దుననే చూచెను. చీవాట్లు తినవలసివచ్చునను భయముచే, తానే రేపు మట్టి వేయుదునని చెప్పక యూరకుండెను. రాత్రికి గండి పడెను. నీరు చివరకు చేరుచున్నదనియే లెక్క వేసికొని అధికారి తడి ముగించెను. కాలువ చివర పొట్టకు వచ్చిన వరి యెండిపోయెను. ఆ రైతు లష్కరును చూచియుండడు, అధికారిని చూచియుండడు. ప్రొద్దుననే యొక్క మాట చెప్పియుండిన పది గంపల మట్టితో పోయెడిది.

లష్కరు చెడ్డవాడా? కాడు. అతడు మన యింట పెరిగినవాడే. పెద్దలకు ఎదురు చెప్పరాదని, కాదనరాదని, చెడువార్తతో వారి యెదుటికి పోరాదని పిల్లలకు మనమే నేర్పితిమి. ఇంటిలో నది మర్యాద. కొలువులో నదే సరేయని తలయూపించును, నోరు మూయించును. 2023లో తెలంగాణములో వేలకొలది గ్రామ రెవెన్యూ సహాయకులను నీటిపారుదల మొదలగు పలుశాఖలలోనికి తీసికొనిరి. సొంత యూర సైగతో సాగిన పని, ముఖమెరుగని యధికారి క్రింద సాగదు. అచట ప్రతి సంగతిని నోట చెప్పవలయును, కాగితమున వ్రాయవలయును.

అధికారుల తప్పును లేకపోలేదు. చెడువార్త తెచ్చిన మొదటివానిని పదిమందిలో తిట్టినచో, రెండవవాడు దానిని దాచును. పిమ్మట ఎవరును తనకేమియు చెప్పరని వగచి ఫలమేమి?

కావున కొలువునకు పోవు పిల్లలకు మూడు సంగతులు నేర్పుడు. రాలేనపుడు వేళకు ముందే కబురంపవలయును. పని చెప్పించుకొన్న పిదప, ఇట్లేకదా యని తాను గ్రహించినది తిరిగి చెప్పి సరిచూచుకొనవలయును. కీడు జరిగినపుడు ఆ దినముననే తెలిపి, దానికి తనకు తోచిన యుపాయమును గూడ చెప్పవలయును. ఇది పెద్దలయెడ ధిక్కారము గాదని మీరు చెప్పిననే వారు నమ్ముదురు.

మాటకంటె మీ నడవడియే వారికి బాగుగా తెలుపును. రేపు మీ జీతగాడు వచ్చి బోరుమోటారు కాలినదని చెప్పినయెడల, ముందుగా పూర్తిగా వినుడు. తరువాత నీరెట్లు పెట్టుదమని యడుగుడు. తప్పెవరిదను విచారణ చేను తడిసిన పిదప చేయవచ్చును. ఆ చెంత నిలిచిన మీ మనుమడు అంతయు చూచుచుండును.